ఫవ్వారా మూతి: చార్మినారు నీటి ఎత్తు, చమన్ నీటి లెక్క

హైదరాబాదును చూచి వ్రాసిన పాశ్చాత్య యాత్రికులలో ఫ్రెంచివాడైన జాన్ ద థెవెనో ముఖ్యుడు. అతడు 1666–67లో గోల్కొండ రాజ్యంలో ప్రయాణించినాడు. తిరిగి స్వదేశానికి పోయే దారిలో 1667లోనే ఇరాన్ దేశంలో మరణించినాడు. అతడు వచ్చేనాటికి చార్మినారు కట్టి డెబ్బై అయిదు సంవత్సరాలు గడిచినవి. ఆ కట్టడం కొలతలను, అందచందాలను వర్ణిస్తూ అతడు ఒక వింత మాట చెప్పినాడు. దాని వసారాలు నీటిని పైకి ఎక్కించడానికి ఉపయోగపడుతున్నవట. అట్లా పైకెక్కిన నీరు అక్కడి నుండి రాజభవనాలకు సాగి, వాటిలోని మిక్కిలి ఎత్తయిన గదులకు సైతం అందుతున్నదట.

ఈ మాటను రెండు విధాలుగా చదువవచ్చు. చార్మినారు కేవలం నీటి గోపురమే అని తేల్చివేయడం ఒక విధం. యాత్రికుడు ఎవరో చెప్పింది విని వ్రాసిన కబురని కొట్టివేయడం రెండవ విధం. రెండూ తొందరపాటే. పై అంతస్తులో మసీదు ఉన్న కట్టడాన్ని, నాలుగు రాజమార్గాల కూడలిలో నిలిపిన కట్టడాన్ని కేవలం నీళ్ల తొట్టి అనడం సాహసం. అట్లాగే ఒక మనిషి తన కళ్లతో నగరాన్ని చూచి చెప్పిన మాటను, అందులో అసంభవమేమీ లేనప్పుడు, త్రోసిపుచ్చడం చరిత్ర పద్ధతి కాదు. అది సంభవమా కాదా అన్నదే మొదట తేల్చవలసిన ప్రశ్న. దానికి సమాధానం శాసనాలలో గాక నీటి స్వభావంలో వెతకాలి.

నీరు తన మట్టాన్ని మరువదు. ఎంత ఎత్తు నుండి గొట్టంలోకి దిగితే, ఆవలి కొసన అంత ఎత్తుకు లేవజూస్తుంది. దారిలో గొట్టం గోడల రాపిడికి, మలుపులకు, గాలికి కొంత పోతుంది గనుక సరిగ్గా ఆ ఎత్తు ఎన్నడూ అందదు. పది మీటర్ల ఎత్తున నిలిచిన నీరు అడుగున చూపే ఒత్తిడిని నేటి ఇంజనీర్లు సుమారు ఒక బార్ అని లెక్కిస్తారు. ఫవ్వారా చిమ్మాలన్నా, మేడ మీది గదికి నీరు ఎక్కాలన్నా, నేడు పచ్చికపై తుంపరలు చల్లే నాజిల్ తిరగాలన్నా ముందుగా కావలసింది ఈ ఎత్తు. మూతి ఎంత అందంగా మలచినా వెనుక ఎత్తు లేకపోతే అది కారుతుందే గాని చిమ్మదు. కాబట్టి భవనాల నడుమ ఎత్తయిన చోట నీటిని నిలిపి, అక్కడి నుండి చుట్టూ పంచడం తెలివైన ఏర్పాటే. చార్మినారు ఒక్కొక్క వైపు ఇరవై మీటర్ల చదరం. మినార్లు నూట అరవై అడుగులకు తక్కువ కావు. అంతటి కట్టడం అంతస్తుపై నిలిచిన నీరు చుట్టుపక్కల మేడలన్నింటినీ అందుకోగలదనడంలో ఆశ్చర్యం లేదు. థెవెనో చెప్పింది ఆ మాటే.

నగర నిర్మాణ కాలాన్ని ఒకసారి జ్ఞాపకం చేసుకోవాలి. ముహమ్మద్ కులీ కుతుబ్ షా హిజ్రీ 1000లో, అనగా 1591లో చార్మినారును కట్టించినాడు. నగర యోజనలో ప్రధాన పాత్ర అతని పేష్వా మీర్ ముహమ్మద్ మూమిన్ అస్తరాబాదీదని పరంపరగా చెబుతారు. ఇరాన్ నుండి వచ్చిన ఈ విద్వాంసుడు పాతబస్తీలోని దాయరా మీర్ మూమిన్‌లో విశ్రమిస్తున్నాడు. ఆయన ‘రిసాలా మిఖ్దారియ్యా’ అనే పేర తూనికలు, కొలతల మీద ఒక గ్రంథం వ్రాసినాడని చాలామందికి తెలియదు. ఆయనను కవిగా, వేదాంతిగా, మహిమాన్వితుడైన పుణ్యపురుషునిగా తలచుకొనేవారు ఈ కొలతల మూమిన్‌ను కూడ తలచుకోవాలి. నగరం కట్టేవానికి కవిత్వం కంటె కొలతే ముందు అవసరమవుతుంది.

చార్మినారుకు ఉత్తరంగా నాలుగు కమానులు, వాటి నట్టనడుమ ఎనిమిది పలకల హౌజు కట్టినారు. ఉత్తరాన మచ్లీ కమాన్, తూర్పున కాలీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్, పడమట రాజభవనాలకు దారితీసే సెహ్ర్-ఎ-బాతిల్ కమాన్. నడిమి హౌజును ‘చార్ సూ కా హౌజ్’ అన్నారు. నాలుగు దిక్కుల హౌజు అని అర్థం. జనం నోట అది ‘సూకా హౌజ్’ కూడ అయినది. నిండుగా నీళ్లున్న తొట్టిని ‘ఎండిన హౌజు’ అని పిలిచినట్లయింది గనుక ఆ పేరు నిలువలేదో ఏమో, తరువాత గుల్జార్ హౌజ్ అన్నారు. నేడు అక్కడ మిగిలిన ఫవ్వారా మొదటి హౌజు విస్తీర్ణంలో చాలా చిన్న భాగం. దాని చుట్టూ వాహనాలు తిరుగుతుంటవి.

హైదరాబాదు ఇస్ఫహాన్‌కు నకలు అనే మాట పుస్తకాలలో తరచు కనబడుతుంది. మీర్ మూమిన్ ఇరానీ గనుక ఆ మాట పుట్టడం సహజమే. అయితే షా అబ్బాస్ తన రాజధానిని ఇస్ఫహాన్‌కు మార్చినది 1598 ప్రాంతంలో. అక్కడి ప్రఖ్యాత చహార్ బాగ్ వీథి కూడ 1590ల చివరి భాగానిదే. 1591లో మొదలైన నగరం దానికి నకలు ఎట్లా అవుతుంది? రెండు నగరాలకూ మూలమైన తోట, హౌజు, నాలుగు దారుల సంప్రదాయం ఒకటే అనడం న్యాయం. దాన్ని దక్కను నేలకు, దక్కను రాతికి, దక్కను చెరువులకు అతికించిన ఘనత ఇక్కడివారిదే.

ఆ చెరువుల విద్య అప్పటికే పండి ఉన్నది. హుసేన్ సాగర్‌ను ఇబ్రాహీం కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో హజ్రత్ హుసేన్ షా వలీ కట్టించినారు. గోల్కొండ కోటలో బాలా హిసారు శిఖరం సుమారు నాలుగు వందల అడుగుల ఎత్తున ఉన్నది. అంత ఎత్తుకు ఏ చెరువు నీరూ తనంతట తాను ఎక్కదు. అందుచేత అంచెలంచెలుగా తొట్లు కట్టి, ఒక తొట్టి నుండి పై తొట్టికి పర్షియన్ చక్రాలతో నీరు తోడి ఎక్కించినారు. పైనుండి క్రిందికి పంచడానికి గోడలలో కాల్చిన మట్టి గొట్టాలు పొదిగి సున్నంతో బిగించినారు. ఆ గొట్టాల ముక్కలు కోట గోడలలో నేటికీ కనబడతవి. కోటలో నలభై యాభై ఏండ్లుగా ఈ పని చేస్తున్న పనివారికి, మైదానంలో కట్టిన చార్మినారు అంతస్తుకు నీరు ఎక్కించడం పెద్ద సమస్య కానేరదు. థెవెనో మాటకు ఇంతకంటె బలమైన సాక్ష్యం గోల్కొండ కొండే. కోట పక్కనున్న నయా ఖిలా తోటలో పురావస్తు శాఖవారు 2014 ప్రాంతంలో జరిపిన త్రవ్వకాలలో కాలువలు, తేరుడు తొట్లు, మట్టి గొట్టాలు బయటపడినవి. బురద తేరిన తరువాతే నీటిని సన్న గొట్టంలోకి వదలాలని ఆ తోటమాలికి బాగా తెలుసునన్నమాట. పూడికతో మూసుకుపోయిన మూతికి నీటి ఎత్తు ఎంత ఉన్నా ప్రయోజనం లేదు.

మట్టి గొట్టానికి మరొక బలహీనత ఉన్నది. నీరు మరీ ఎత్తు నుండి దిగితే ఆ ఒత్తిడికి గొట్టం పగులుతుంది. పొరుగు రాజ్యమైన బీజాపూర్‌లో దీనికి చక్కని ఉపాయం చేసినారు. ముహమ్మద్ ఆదిల్ షా 1651లో కట్టించిన బేగం తలాబ్ నుండి నగరానికి వచ్చే గొట్టం దారిలో అక్కడక్కడ ‘గంజ్’ అనే గోపురాలు నిలిపినారు. నీరు ఆ గోపురంలో పైకెక్కి, గాలిని విడిచి, బురదను అడుగున వదలి, తగ్గిన ఒత్తిడితో ముందుకు సాగుతుంది. ఔరంగాబాదులో మలిక్ అంబర్ త్రవ్వించిన నహరుకు కూడ ఇటువంటి గోపురాలున్నవి. ఎత్తు కావాలి, కాని అమితమైన ఎత్తు పనికిరాదు. నేడు ఒత్తిడిని కట్టడి చేసే పరికరాన్ని నాజిల్ క్రింద అమర్చేవారు చేస్తున్నది ఈ పనే.

వరుసగా ఉన్న ఫవ్వారాలది ఇంకొక చిక్కు. ఒకే గొట్టం మీద పది మూతులుంటే, మొదటిది ఎగిరి చిమ్ముతుంది, పదవది తల వంచుకొంటుంది. ఆగ్రాలోని తాజ్ మహల్ తోట పనివారు దీనిని ఎట్లా తప్పించినారో చూడదగినది. ఫవ్వారాలను నేరుగా గొట్టానికి కలుపక, ప్రతి ఫవ్వారా క్రింద ఒక రాగి కుండను అమర్చినారు. నీరు మొదట కుండలన్నింటినీ నింపుతుంది. అవి నిండిన తరువాత అన్ని ఫవ్వారాలూ ఒక్కసారిగా, ఒక్క ఎత్తున లేస్తవి. లాహోరు షాలిమార్‌లోని నాలుగు వందల పది ఫవ్వారాల సంఖ్యను గొప్పగా చెప్పుకొంటారు గాని, ఈ రాగి కుండలో ఉన్న బుద్ధి ఆ సంఖ్యలో లేదు.

ఇక మూతి సంగతి. ఈ విషయంపై మొట్టమొదట క్రమబద్ధంగా వ్రాసినవారు తొమ్మిదవ శతాబ్దపు బగ్దాదులోని బనూ మూసా సోదరులు. ముహమ్మద్, అహ్మద్, హసన్ అనే ఈ ముగ్గురు ఖలీఫా మామూన్ ఆదరణలో పెరిగినవారు. సుమారు 850లో వెలువడిన వారి ‘కితాబుల్ హియల్’లో నూరు వరకు యంత్రాలున్నవి. వాటిలో ఫవ్వారాలు కొన్ని. ఒకే నీరు మూతిని బట్టి మూడు ఆకారాలు దాల్చుతుందని వారు చూపినారు: కర్ర వలె నిలువుగా, డాలు వలె పరచుకొని, సౌసన్ పువ్వు వలె విచ్చుకొని. గుండ్రని ఒకే రంధ్రం నుండి వెడలిన నీరు కర్రవుతుంది. సన్నని వలయం వంటి సందు నుండి వెడలితే పలుచని రేకుగా పరచుకొంటుంది. ఇంతటితో ఆగక, కొంతసేపు ఒక ఆకారం, మరికొంతసేపు మరొక ఆకారం వచ్చేటట్లు నీటి బలంతోనే త్రిప్పే ఏర్పాట్లు చేసినారు.

మూడున్నర శతాబ్దాల తరువాత, 1206లో దియార్‌బక్ర్‌లో అర్తుఖీ పాలకుల కొలువులో ఉన్న అల్ జజరీ తన గ్రంథాన్ని ముగించినాడు. అతడు బనూ మూసాను గౌరవంగానే స్మరించి, ఒక లోపం ఎత్తిచూపినాడు. వారి ఫవ్వారాలలో ఆకారం మారే వ్యవధి మరీ తక్కువ, చూచేవానికి మార్పు తెలియదు అన్నాడు. ఆ వ్యవధి పెంచడానికి నీరు నిండగానే ఒరిగే పాత్రలను వాడినాడు. గురువులను పొగడుతూనే వారి లెక్కను సరిదిద్దే ఈ ధోరణి ఆ కాలపు విద్వాంసులకు సహజం. ‘అన్నీ పూర్వులే కనిపెట్టినారు’ అనే పొగడ్తలో ఈ గుణం కనుమరుగైపోతున్నది. నేటి తోటలలో నీటి దెబ్బకు తానే తిరిగే స్ప్రింక్లరును కాలిఫోర్నియాలోని నారింజ తోటల రైతు ఆర్టన్ ఎంగిల్‌హార్ట్ రూపొందించినాడు. అతని పేటెంటు 1935 నాటిది. అతడు బనూ మూసాను చదివి చేసినాడని ఎవరూ అనరు, అనవలసిన అవసరమూ లేదు. నీటి బలంతోనే మూతిని కదిలించవచ్చునన్న ఆలోచన రెండు చోట్ల, వెయ్యి సంవత్సరాల ఎడంతో, రెండు వేరు వేరు అవసరాల నుండి పుట్టినది.

ఆ అవసరాల తేడాయే అసలు విషయం. పాత తోటలలో ఫవ్వారా చెట్లకు నీరు పెట్టే సాధనం కాదు. అది గాలిని చల్లబరచడానికి, చెవికి, కంటికి ఇంపు కలిగించడానికి ఉన్నది. చెట్లకు నీరు పెట్టేది కాలువ. నడిచే బాట ఎత్తుగా, మొక్కల మడి లోతుగా ఉండేది. హౌజు నిండి పొర్లిన నీరు కాలువలో పడి, ఒక మడి తడిసిన తరువాత మరొక మడికి పోయేది. ఫవ్వారాలో లేచిన నీరే హౌజులో పడేది, హౌజులోనిదే మళ్లీ మొక్కకు చేరేది. ఒక్క నీటితో ఇన్ని పనులు జరిగేవి.

మసీదు హౌజుకు ధర్మశాస్త్రం కూడ కొలత చెప్పినది. హనఫీ పండితులు ‘దహ్ దర్ దహ్’ అనే లెక్కను స్థిరపరచినారు. పది మూరల పొడవు, పది మూరల వెడల్పు గల హౌజు నీరు పారే నీటితో సమానం. రంగు, రుచి, వాసన మారనంతవరకు కొద్ది మాలిన్యం పడినా అది అపవిత్రం కాదు. 1617లో ముహమ్మద్ కుతుబ్ షా పునాది వేయగా, ఔరంగజేబు కాలంలో 1694 నాటికి పూర్తి అయిన మక్కా మసీదు ఆవరణలోని హౌజు మొదలుకొని పాతబస్తీ వీథి మసీదుల చిన్న హౌజుల వరకు ఈ కొలత దృష్టిలో ఉంచుకొని చూస్తే, వాటి పరిమాణం కట్టించినవాని ఇష్టాన్ని బట్టి నిర్ణయమైనది కాదని తెలుస్తుంది. మరొక వైపు నీటి వాడకానికి హద్దు కూడ ఉన్నది. దైవప్రవక్త (స) ఒక ‘ముద్’ నీటితో వజూ చేసేవారని సహీహ్ హదీసులలో ఉన్నది. ముద్ అంటే సుమారు ముప్పాతిక లీటరు, హనఫీ లెక్కలో కొంత ఎక్కువ. హౌజు ఎంత పెద్దదైనా దాని ఒడ్డున కూర్చున్నవాని వాటా అంతే. కొలతలపై గ్రంథం వ్రాసిన పేష్వాకు ఇవి తెలియని విషయాలు కావు.

1687లో గోల్కొండ పతనమైనది. కుతుబ్ షాహీ మహళ్లు ఆ తరువాత నిలువలేదు. మేడల మీద, కమానుల కప్పుల పైన పెద్ద పెద్ద చెట్లున్న తోటలను చూచి, అంత బరువు ఆ కమానులు ఎట్లా మోస్తున్నవా అని ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే ఆశ్చర్యపడినాడు. ఆ తోటలు పోయినవి. వాటికి నీరు పంచిన గొట్టాలూ మట్టిలో కలిసినవి. థెవెనో వాక్యం ఒంటరిగా మిగలడానికి కారణం ఇదే. నీరు అందుకొన్న మేడలే లేనప్పుడు, నీరు ఎక్కించిన ఏర్పాటు ఎవరికి జ్ఞాపకముంటుంది?

ఆసఫ్ జాహీల కాలంలో పాతబస్తీకి కొత్త నీటి వనరు మీర్ ఆలం చెరువు. దివాను మీర్ ఆలం పేర 1804లో మొదలైన దీని కట్ట ఇరవై ఒక్క అర్ధవలయపు కమానులను పక్కపక్కన నిలిపి కట్టినది. ప్రపంచంలోనే అరుదైన రీతి అది. చాలాకాలం పాతబస్తీ తాగునీటికి ఇదే ప్రధాన ఆధారం. చౌమహల్లా మహలు ముంగిట ఉన్న హౌజులు, ఫవ్వారాలు ఆసఫ్ జాహీ నీటి వైభవానికి గుర్తులు. అయితే మహలు గోడ దాటితే నీరు బిహిష్తీల వీపు మీద నడిచేది. తోలు మష్క్ మోసే బిహిష్తీకి ఫవ్వారా ఎత్తుతో పని లేదు. బావి లోతుతోనే పని. ఈ రెండు నీళ్లూ ఒకే నగరంలో, ఒకే గోడకు ఇరువైపులా ఉండినవని మరచి ‘తోటల నగరం’ అని పొగడడం సగం చరిత్రే అవుతుంది.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలాది ప్రాణాలను బలిగొన్న తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాపై వరదను ఆపే జలాశయాలు తలపెట్టినారు. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తి అయినవి. వరదను ఆపడానికి కట్టినవే నగరానికి తాగునీరు ఇచ్చినవి. నగరం కంటె ఎత్తున ఉన్న జలాశయం నుండి నీరు తనంతట తాను దిగి వచ్చినది. నల్లా తిప్పితే నీళ్లు రావడమనేది పాతబస్తీ సామాన్యునికి అప్పుడు అనుభవంలోకి వచ్చినది. చార్మినారు మీది నీరు మహళ్ల పై గదులకు మాత్రమే ఇచ్చిన ఎత్తును ఉస్మాన్ సాగర్ వీథి వీథికీ ఇచ్చినదన్నమాట.

చమన్ అనే మాట ఉర్దూలో పాతదే. కాని కత్తిరించి దువ్వినట్లుండే పచ్చిక పరపు ఆ మాటకు కొత్త అర్థం. పాత చార్ బాగ్‌లలో పండ్ల చెట్లు, పూల మొక్కలు దట్టంగా ఉండేవి. తాజ్ మహల్ ముందు నేడు కనబడే విశాలమైన పచ్చిక కూడ ఇంగ్లీషు ప్రభుత్వ కాలంలో, ముఖ్యంగా లార్డ్ కర్జన్ హయాంలో దిద్దిన రూపమే. ఆ ఫ్యాషను దేశమంతటా పాత కట్టడాల ఆవరణలకు వ్యాపించినది. పచ్చిక వేరు లోతుకు పోదు. దానికి కాలువ నీరు సరిగా పారదు. పైనుండి తుంపరలుగా చల్లవలసిందే. ఆ విధంగా బనూ మూసా డాలు, కర్ర, పువ్వు మళ్లీ తోటలోకి వచ్చినవి. ఈసారి అందానికి కాదు, తడి కోసం.

నాజిల్ ఎన్నుకోవడంలో పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఎత్తును మరచినందువల్లనే. కదలక విసనకర్ర వలె చల్లే చిన్న నాజిల్‌కు సుమారు రెండు బార్ల ఒత్తిడి కావాలి. అంటే డెబ్బై అడుగుల నీటి ఎత్తు. తిరుగుతూ దూరంగా చల్లే రోటరుకు మూడు బార్ల వరకు, అంటే నూరు అడుగులకు పైన కావాలి. రెండంతస్తుల ఇంటి మీది ట్యాంకు ఇచ్చేది ఇరవై అయిదు, ముప్పై అడుగులు. దానితో నడుస్తుందని కొన్న నాజిల్ మూతి చుట్టూ గుమ్మరించి, నడుమ ఎండబెడుతుంది. ఒత్తిడి సగమైతే పారే నీరు సగం కాదు, నూటికి డెబ్బై పాళ్లు ఉంటుంది. కనుక మాలికి నీళ్లు వస్తున్నట్లే కనబడుతుంది గాని, తుంపర దూరం పోదు. ఒత్తిడి ఎక్కువైనా నష్టమే. నీరు పొగమంచుగా మారి, హైదరాబాదు మే నెల గాలికి పచ్చికను చేరకముందే ఎగిరిపోతుంది. పాత ఫవ్వారాలో ఇదే మంచి గుణం, ఎందుకంటే అక్కడ గాలి చల్లబడడమే కోరిక. చమన్‌లో ఇది వ్యర్థం.

మూల సంగతి చెప్పక తప్పదు. మైదానం నడుమ పూర్తి వలయంగా తిరిగే నాజిల్, మూలలో పావు వలయం చల్లే నాజిల్ ఒకే పరిమాణం నీరు వదిలితే, మూలలోని గడ్డి నాలుగింతలు తడిసి కుళ్లుతుంది. పావు వలయానికి పావు నీరే ఇచ్చే మూతి ఉండాలి. అట్లాగే ఒకదాని తుంపర పక్కదాని మొదలు దాకా చేరేటట్లు నాటితేనే అంతటా సమంగా పడుతుంది. చిన్న నాజిల్ గంటకు నలభై మిల్లీమీటర్ల వాన వలె కురిపిస్తే రోటరు పది, పదిహేను మాత్రమే ఇస్తుంది. రెంటినీ ఒకే వాల్వు మీద పెట్టినవాడు ఒక మడిని ముంచి, మరొక మడిని మాడ్చుతాడు. మదీనాలో మహ్‌జూర్ వాగు నీటి విషయంలో దైవప్రవక్త (స) ఇచ్చిన తీర్పు హదీసు గ్రంథాలలో ఉన్నది. ఎగువ రైతు చీలమండల లోతు వరకు నీరు ఆపుకొని, ఆ పైన దిగువవానికి వదలాలి. ఎగువన ఉన్నంత మాత్రాన అంతా తనది కాదు, దిగువన ఉన్నవాడు మిగిలినదాని కోసం ఎదురు చూడవలసిన అగత్యమూ లేదు. తాజ్ మహల్ రాగి కుండలది, నేటి సమపాళ్ల నాజిల్‌ది ఈ లెక్కే.

పాత కట్టడాల దగ్గర మరొక జాగ్రత్త ఉన్నది. సున్నపు గోడ తడిని పీల్చుకొంటుంది. నేలలోని ఉప్పును ఆ తడి పైకి తెచ్చి, ఆరినప్పుడు గచ్చు పొర క్రింద గడ్డ కట్టిస్తుంది. పొర పెళ్లలుగా రాలుతుంది. ప్రతి సాయంత్రం తుంపర తగిలే గోడ నాలుగు వందల ఏండ్ల వానను తట్టుకొన్నా, పది ఏండ్ల స్ప్రింక్లరును తట్టుకోలేకపోవచ్చు. గోడ వైపు తిరగని అర్ధ వలయపు నాజిల్ పెట్టడం, లేదా గోడ పక్కన కొంత మేర పచ్చికను మాని బొట్టు బొట్టుగా నీరిచ్చే గొట్టం వేయడం మేలు. అంతకంటె మేలు, అక్కడ పచ్చిక ఉండి తీరాలా అని ఆలోచించడం. కుతుబ్ షాహీలు ఆ చోట దానిమ్మ చెట్టు పెట్టి ఉండేవారు.

కుతుబ్ షాహీ సమాధుల ఆవరణలో ఈ విషయమై గమనింపదగిన పని జరిగినది. అక్కడి బావులు చాలాకాలం పూడికతో నిండి ఉండినవి. 2013 వానలకు బడీ బావోలి గోడ కొంత కూలినది. ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు, రాష్ట్ర పురావస్తు శాఖ కలిసి ఆ బావులను త్రవ్వి, రాళ్లను తిరిగి పేర్చి, మెట్లను బాగుచేసినారు. గోల్కొండ మెట్ల బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా–పసిఫిక్ పురస్కారాలలో ఒకటి లభించినది. పురస్కారం కంటె ముఖ్యమైన సంగతి మరొకటి. ఇప్పుడు వాన నీరు ఆ బావులలో నిలుస్తున్నది. సమాధుల చుట్టూ ఉన్న తోటకు ఆ నీటినే తోడి వాడుతున్నారు.